ఉల్టా రీలు

ఈ కథలో వెంట్రుకంత అబద్ధం కూడా లేదని మొదటి వారమే చెప్పాను, ఈ వారం మళ్ళీ చెప్తున్నాను. నమ్మకం లేనివాళ్ళు తాండూరులో రైలు దిగి ఎవర్నయినా అడగండి. నేను రాసినదానికి ఇంకో రెండు కలిపి చెప్తారే గాని, ఒక్కటి తీసేసి చెప్పరు. నిజం చెప్పడంలో నాకు సాటి వచ్చేవాడు వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఏ స్టేషన్లోనూ ఎక్కడు, దిగడు.

సరే. పోయిన వారం భాగమ్మను సినిమా హాలు గేటు ముందర, కొంగులో ఏదో బరువైన మూటతో, ఎండలో నిలబెట్టి వదిలేశాం. మూటలో ఏముందని గేటువాడు అడిగితే “అవసరం పడితే ఇప్పుత” అంది. ఆమె గొడవ మీకు తెలుసు. ఊరవతల ఆమెకు అయిదెకరాల కంది చేను. దానికి అవతల దేవప్ప సేటు బండల గని. గనిలో పనికిరాని రాయంతా తెచ్చి పోసీ పోసీ ఆమె చేను మీద గుట్ట చేశాడు దేవప్ప. పైగా “గక్కడ చేనెక్కడిది? తాతల నాటి నుంచి బండనే. నాకు రాసియ్యిండ్రి, తవ్వుకుంట” అని సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడు. తేల్చడానికి వికారాబాద్ నుంచి ఒక ఆఫీసరు, హైదరాబాద్ నుంచి సుమిత్రమ్మ అనే మేడం వచ్చారు. మేడం దగ్గర ఉపగ్రహం ఆకాశం నుంచి తీసిన తాండూరు ఫొటోలున్నాయి, పదేళ్ళ పైచిలుకువి. వాటిని కంప్యూటర్లో వరసగా పేర్చి ఒకదాని వెనక ఒకటి ఆడిస్తే భూమి సినిమా లాగా కదులుతుందట. “చేను ముందొస్తదో బండ ముందొస్తదో చూద్దాం” అన్నాడు ఆఫీసరు. చేను ముందైతే భూమి భాగమ్మది. బండ ముందైతే దేవప్పది.

ఇంత పనికీ ఊళ్ళో పట్టపగలు చీకటిగా ఉండే చోటు ఒక్కటే, సినిమా హాలు. హాల్లో కరెంటు ఎగుడుదిగుడు లేకుండా వచ్చే చోటూ ఒక్కటే, పైనున్న ప్రొజెక్టర్ గది. కంప్యూటర్ను అక్కడ పెట్టి, రీలు వెలుగు పోయే కంతలోంచి తీగలు కిందికి లాగి, తెర ముందర బల్ల మీద రెండు కలర్ టీవీలు నిలబెట్టారు. మ్యాట్నీ ఆట రద్దు.

ఆ పై గదికి రాజూ, మంత్రీ, చీపురు పట్టేవాడూ అన్నీ కరీముద్దీనే. ఆయన చూపు ఎప్పుడూ కిందికే ఉంటుంది. పైన కూచున్నాడు కాబట్టి అనుకోకండి. ఆపరేటర్ కాని మనిషిని మనిషి కింద లెక్క వెయ్యడు. నేల టికెట్టు వాడు గొర్రె, కుర్చీ టికెట్టు వాడు గొడుగేసుకున్న గొర్రె. హాలు యజమాని ఎవరయ్యా అంటే గొర్రెల దొడ్డికి తాళం చెవి. నెత్తి మీద ఎర్ర మఖమల్ టోపీ. అది మామూలు టోపీ కాదు. ఆయన తాత కాలంలో అనంతగిరి అడవికి వేటకొచ్చిన ఒక నవాబు, పులి కనబడగానే వెనక్కి చూడకుండా ఉరుకుతూ వదిలేసిన టోపీ. పులి దాన్ని వాసన చూసి, తనకు పట్టదని తేల్చుకుని, తాతకు వదిలేసి పోయింది. అందుకే కోపం వచ్చినా, భయం వేసినా, అన్నం అరక్కపోయినా కరీముద్దీన్ చెయ్యి ముందు టోపీ మీదికే పోతుంది.

మేడంతో వచ్చిన అసిస్టెంటు వికారాబాద్ స్టేషన్లో పందెం కట్టి మిరపకాయ బజ్జీలు తిన్నాడు. ధారూర్ దాటేసరికి వాటికి లెక్క అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు తాండూరు వెయిటింగ్ రూంలో పడుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. కాబట్టి కంప్యూటర్లో పలకలు పెట్టే పని కరీముద్దీన్ మీద పడింది. పొద్దున్నే మేడం వచ్చి నేర్పింది. ఫ్లాపీలనే ఆ పల్చటి నల్ల పలకలు ఏడింటిని బల్ల మీద ఎడమ నుంచి కుడికి వరసగా పేర్చింది. ఒక్కో పలకలో ఒక్కో ఏటి బొమ్మ, మధ్యలో అక్కడక్కడా ఒక ఏడాది వదిలి. ఏ వరసలో లోపలికి తోస్తే మిషను ఆ వరసలోనే ఆడిస్తుంది. చివరి పలక అయ్యాక ఒక్క మీట నొక్కితే చాలు, ఏడు బొమ్మలూ ఒకదాని వెనకొకటి తిరుగుతాయి. ఇంకో మీట నొక్కితే ఆగుతాయి.

“సినిమా అంటివి గద మేడం, హీరో ఎవరు?” అన్నాడు కరీముద్దీన్.

“లేడు.”

“పాటలు?”

“లేవు.”

“ఫైటింగ్?”

“ఆట అయ్యాక కింద మొదలవుతుంది.”

“బొమ్మలు ఏడేనా?” కరీముద్దీన్ నవ్విన నవ్వుకు చూరులో పావురాలు లేచిపోయాయి. “నా మిషను కన్నుగొట్టి తెరిచేవరకు ఇరవై నాలుగు బొమ్మలు తింటది మేడం. నీ ఏడు బొమ్మలు దాని పండ్ల సందుల ఇరుక్కుంటయి. గిది సినిమా గాదు. పెండ్లిల పంచే తమ్మలపాకుల కట్ట.”

సుమిత్రమ్మ తల కూడా ఎత్తలేదు. “మీ ఇరవై నాలుగు బొమ్మలూ హీరో చెయ్యెత్తి దించడానికే సరిపోతాయి కరీముద్దీన్ గారూ. నా ఏడింటిలో ఒక ఫ్యాక్టరీ పుడుతుంది” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కరీముద్దీన్ టోపీ సర్దుకున్నాడు. తన గదిలోకి వచ్చి తననే చిన్నబుచ్చి పోయిన మనిషి ఆయనకు బుద్ధి తెలిసినప్పట్నుంచి లేడు. నిజానికి ఒకసారి హాలు హాలంతా చిన్నబుచ్చింది గాని, దాన్ని ఆయన సన్మానం కింద రాసుకున్నాడు. ఒకే ప్రింటును వికారాబాద్ హాలూ తాండూరు హాలూ పంచుకుని ఆడించేవారు. అక్కడ ఆడిన రీలు డబ్బాలో పడి ప్యాసింజరు బండిలో ఇక్కడికి రావాలి. ధారూర్లో క్రాసింగ్ పడిందా, ఇక్కడ హీరో కొండ అంచున వేలాడుతూనే ఉండేవాడు. ఒక ఆటకు డబ్బాలు తారుమారై, కరీముద్దీన్ హీరోను ముందు చంపి, తర్వాత పెళ్ళి చేసి, ఆఖరున తొట్లెలో వేసి ఊపాడు. “ఉల్టా రీలు! ఉల్టా రీలు!” అని జనం బెంచీలు బాదారు. “సచ్చినోన్ని బతికిచ్చి తల్లికి అప్పజెప్పిన. ఏ ఆపరేటర్ జేస్తడు చెప్పుండ్రి” అన్నాడు ఆయన. అప్పట్నుంచి ఆ హాల్లో బల్బు పోయినా, ఫ్యాను ఆగినా, ఎవరి చెప్పు పోయినా జనం వేసే కేక ఒక్కటే, ఉల్టా రీలు.

మధ్యాహ్నం నమాజు అయ్యి ఆయన గదిలోకి వచ్చేసరికి మెట్ల మీద రొప్పు వినిపించింది. దేవప్ప సేటు. తువ్వాలుతో స్టూలు దులిపాడు, కూచోబోయి మళ్ళీ దులిపాడు.

“ఏందయా కరీం, గీ పొయ్యిల ఎట్ల గూసుంటవ్?”

“నీ గని కంటె సల్లగనే ఉన్నది సేటూ. ఇక్కడ మీద రాళ్ళు వడయి.”

దేవప్ప బల్ల మీది పలకలకేసి చూశాడు. “ఆఫీసర్ ఏమన్నడు? ఏది ముందొస్తదో సూస్త అన్నడా లేదా? బండ ముందు రావాలె. గంతే. గీ కొస కెల్లి గాదు, గా కొస కెల్లి వెట్టు.”

“మేడం గీ కొస కెల్లే వెట్టుమన్నది.”

“నువ్వు ఉర్దూ సదివినోనివి. నీకు మొదలంటె కుడి దిక్కు. ఎవరన్న అడిగితె గదే జెప్పు. తెల్వనోన్ని ఎవరు తిడ్తరు?”

“తెల్వనోడా? ఎవరు తెల్వనోడు?” కరీముద్దీన్ చెయ్యి టోపీ మీదికి పోయింది. “భాగమ్మ నాకు చెల్లె లెక్క సేటూ. నడువ్, మెట్లు గక్కడున్నయి.”

దేవప్ప లేవలేదు. చెప్పు మడమతో నేల మీద నెమ్మదిగా తట్టాడు. “ఇంట్ల బండలు మంచిగున్నయా కరీం? జారుతలేవు గద? పిల్లలు తిరిగే ఇల్లు.”

అంతే. మెట్లు చూపిస్తున్న చెయ్యి కరీముద్దీన్ దించేశాడు.

ఆ బండల కథ ఊళ్ళో ఇద్దరికే తెలుసు. గనికీ భాగమ్మ చేనుకూ మధ్యన కరీముద్దీన్ తండ్రి వదిలిపోయిన చెలక ముక్క ఒకటుంది. దున్నడు, విత్తడు, ఆపరేటర్ మట్టి ముట్టుకుంటాడా? ఒక సీజనుకు రాయి పోసుకుంటానని దేవప్ప అడిగితే సరేనన్నాడు. బదులుగా ఇంటి నిండా నున్నటి నీలం బండలు పరిపించుకున్నాడు. పోసిన రాయి అక్కడ ఆగక భాగమ్మ కందుల మీదికి జారింది. బండ్లు ఏ దారిన వస్తున్నాయో అంతుబట్టక ఆమె వచ్చి అడిగితే, రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేసి “నా చెలకలకెల్లి ఈగ గూడ రాలే చెల్లె” అన్నాడు. ఆ రంజానుకు ఆ నీలం బండల మీదే కూచుని భాగమ్మ సేమియా తిన్నది. “మస్తు సల్లగున్నయన్నా” అని కూడా అన్నది.

దేవప్ప దిగి వెళ్ళాక కరీముద్దీన్ పలకల ముందుకు వచ్చి నిలబడ్డాడు. దేవప్ప మీద అసహ్యం వేసింది. మేడం మీద వేసింది. ఏడు పలకల మీద వేసింది. తన మీద మాత్రం ఇంకా వెయ్యలేదు, అది మెట్లెక్కుతూ ఉంది.

హాలు నిండింది. టికెట్టు లేని ఆట అంటే తాండూరులో మంచం పట్టినవాళ్ళు కూడా లేస్తారు. ముందు వరసలో ఆఫీసరు, పక్కన దేవప్ప. ఆడవాళ్ళ బెంచీల్లో భాగమ్మ, ఒళ్ళో మూట. సుమిత్రమ్మ చేతిలో బెత్తంతో టీవీల పక్కన నిలబడి చెప్పింది: “ఎర్రగా కనిపించేదంతా పచ్చటి పంట. తెల్లగా మెరిసేది రాయి.”

“పచ్చది ఎర్రగెట్లయితదమ్మా?” అన్నాడొకడు.

“ఉపగ్రహం కన్ను మన కన్ను కాదు. పచ్చటి ఆకు మన కంటికి ఆనని వెలుగును చాలా విసురుతుంది. ఆ వెలుగుకు మేము ఎర్ర రంగు వేసి చూపిస్తాం.”

పైన కంతలోంచి విన్న కరీముద్దీన్ పళ్ళు కొరికాడు. ‘ఈమె పచ్చను ఎర్ర అంటే సదువు. నేను కుడిని మొదలంటే తప్పా?’ అనుకుని, కుడి కొస నుంచి ఒక్కో పలకా లోపలికి తోశాడు. మీట నొక్కాడు.

టీవీల మీద ఊరు వెలిగింది. చదరపు గళ్ళు గళ్ళుగా, ముగ్గు పిండి కుమ్మరించినట్టు తెల్లగా. మధ్యన గని. పక్కన భాగమ్మ చేను ఉండాల్సిన నాలుగు గళ్ళూ తెలుపే.

దేవప్ప దిగ్గున లేచాడు. “సూసిండ్రా సారూ! బండనే ముందొచ్చింది! నేనేం జెప్పిన? బండ!”

ఆయనకు తీర్పు అయిపోయింది. పాపం, ఆట అవలేదు. రెండో బొమ్మ వచ్చింది. గని కాస్త చిన్నదైంది. మూడో బొమ్మకు రాళ్ళ గుట్ట కరగసాగింది. తీసిన బండలన్నీ బుద్ధిగా భూమిలోకి తిరిగి వెళ్ళిపోతున్నాయి. నాలుగులో కొత్త సిమెంటు ఫ్యాక్టరీ సగమైంది, అయిదులో చుక్కైంది, ఆరులో లేదు.

“ఓర్నీ! ఫ్యాక్టరీ ఎటువోయింది?” అని అరిచింది నాగవ్వ అనే ముసలావిడ. “నా అల్లుడు గండ్లనే గద పన్జేసేది! అల్లునితోని సహా మింగింది గద గీ డబ్బా!”

ఏడో బొమ్మలో నాలుగు గళ్ళూ ఎర్రగా నిగనిగలాడాయి. భాగమ్మ లేచి నిలబడింది. “అయితే సారూ, ఇప్పుడు నా చేను పచ్చగున్నట్టే గద? నడువుండ్రి, అందరం వోయి కందికాయ తెంపుకుందం. దేవప్ప సేటుకు గూడ ఒక సంచి ఇస్త.”

ఇక హాలు ఆగలేదు. బెంచీలు మోగాయి. “ఉల్టా రీలు! ఉల్టా రీలు!” వెనక్కి తిరిగి అందరూ పైకి, కంతకేసి చూశారు. ఆఫీసరు నవ్వు రాకుండా ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“కరీముద్దీన్ గారూ, ఎటు నుంచి పెట్టారు?” అని కేకేసింది సుమిత్రమ్మ.

కంతలోంచి టోపీ బయటికొచ్చింది, దాని వెనక ముఖం. “కుడి కెల్లి మేడం. మాకు మొదలంటె కుడే. మా ఉర్దూల మొదటి అచ్చరం అలిఫ్ గక్కడనే నిలవడ్తది.”

హాలు గొల్లుమంది. సుమిత్రమ్మ నాలిక కరుచుకుంది. “నాదే పొరపాటు. అడిగి పేర్చాల్సింది. మళ్ళీ ఎడమ నుంచి పెట్టండి.”

చూశారా, ఎంత సులువుగా బయటపడ్డాడో. ఇప్పుడు తీగ ఒకటి కాస్త లాగి, మిషను చెడిపోయిందంటే చాలు. కరీముద్దీన్ వేళ్ళు అప్పటికే తీగ మీద ఉన్నాయి. ఇంకో ఊపిరిలో లాగేసేవాడే. దేవప్ప నోరు మూసుకుని ఉంటే.

“ఇంక అక్కర్లే సారూ” అన్నాడు దేవప్ప, తువ్వాలు దులుపుతూ. “డబ్బాలు మోసేటోనికి కంప్యూటర్ అప్పజెప్తె గిట్లనే ఉంటది. ఆనికి మొదలు తెల్వది, కొస తెల్వది. పుట్టి బుద్ధెరిగి ఒక్క బొమ్మ సక్కగ ఆడిచ్చిండా? అరే కరీం, మూసెయ్. దిగిరా. నీతోని గాదు.”

పై గదిలో చెయ్యి తీగ మీద నుంచి లేచింది.

దొంగ అంటే కరీముద్దీన్ ఓర్చుకునేవాడు, అది నిజం కాబట్టి. అబద్ధాలకోరు అన్నా ఓర్చుకునేవాడు. బొమ్మ ఆడించడం రాదన్నాడు, అదీ బండలమ్ముకునేవాడు, అదీ నేల టికెట్టు వాళ్ళ ముందర. కంతలోంచి మెడ దాకా బయటికి వచ్చి అరిచాడు: “ఏయ్ దేవప్పా! నువ్వు బండలు పగులగొట్టుకో. బొమ్మ సంగతి మాట్లాడకు. ఆపరేటర్ కావాలని ఉల్టా ఆడిస్తె గూడ సాఫ్‌గ ఆడిస్తడు. ఇప్పుడు సీదా ఆడిస్త, సూస్కో. కండ్లు తెరుసుకొని సూస్కో!”

ఎడమ నుంచి ఒక్కో పలకా తోశాడు. ఒక్కటీ తారుమారు కాలేదు. ఆపరేటర్ చెయ్యి.

మొదటి బొమ్మ. నాలుగు గళ్ళూ ఎరుపు, మిరపపండంత ఎరుపు. చేను ముందు. ఆఫీసరు కుర్చీలో ముందుకు జరిగాడు. రెండో బొమ్మ, ఎరుపే. మూడో బొమ్మకు “ఆపండి” అంది సుమిత్రమ్మ. కరీముద్దీన్ ఆపాడు.

ఎర్రటి నాలుగు గళ్ళ పక్కన, గనికి ఇవతల, ఒక్క గడి తెల్లబడింది. ఒక్కటే. అన్నంలో రాయి లాగా.

“ఇక్కడ మొదలైంది” అంది మేడం బెత్తం ఆనించి. “గని నుంచి నేరుగా చేనులోకి రాలేదు. ముందు ఈ గడిలోకి వచ్చింది. ఆ తర్వాతి బొమ్మల్లో ఇక్కడి నుంచే చేనులోకి పాకుతుంది, చూడండి. పోనివ్వండి, కరీముద్దీన్ గారూ.”

ఆయన పోనిచ్చాడు. తెలుపు పాకింది. ఒక గడి, రెండు, మూడు, నాలుగు. ఈసారి ఫ్యాక్టరీ పుట్టింది, నాగవ్వ అల్లుడికి ఉద్యోగం తిరిగి వచ్చింది, కాని ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు లేచాడు. “చేను ముందు. నాకు అర్థమైంది దేవప్పా. నీ అర్జీ చెల్లదు. ఆ రాయి ఎత్తించే పూచీ కూడా నీదే. భూమి ఆమెది” అన్నాడు. దేవప్ప తువ్వాలు చేతిలోనే ఉంది, దులపడానికి ఏమీ దొరకలేదు.

భాగమ్మ గెలిచింది. గెలిచిన మనిషి ముఖం అలా ఉండదు. టీవీల మీద బొమ్మలు మళ్ళీ మొదటికొచ్చి తిరుగుతూనే ఉన్నాయి. మూడో బొమ్మ వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క గడి తెల్లగా కన్ను తెరుస్తోంది. ఆమె దాన్నే చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, పైకి, కంతకేసి చూసింది.

“కరీమన్నా. గా గడి ఎవరి చెలక?”

కరీముద్దీన్ టోపీ తీశాడు. లోపలికి చూశాడు. ఊది దుమ్ము దులిపాడు. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. హాలంతా ఆ టోపీ వంకే చూస్తోంది. చివరికి అన్నాడు:

“కండ్లు గనవడ్తలేవా? నాదే.”

మాట అంత తలపొగరుగానే వచ్చింది.

భాగమ్మ కొంగు మూట చేతిలోకి తీసుకుంది. ఆడవాళ్ళ బెంచీలు దాటింది. పై గదికి పోయే తలుపు తీసింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెట్టు మెట్టుకూ మూటలో ఏదో గోడకు తగిలి టక్కుమంటోంది, రాయి తగిలినట్టు. ఆ గదికి తలుపు ఒక్కటే, దానికి గొళ్ళెం లేదు.

ఇక మొదట్లో నేనన్న మాట. వెంట్రుకంత అబద్ధం లేదన్నాను కదా. వెంట్రుకంత లేదు, టోపీ అంత ఉంది. కరీముద్దీన్ జన్మలో టోపీ పెట్టినవాడు కాదు, నమాజుకు కూడా తలకు రుమాలే కట్టుకునేవాడు. నవాబూ లేడు, పులీ లేదు. భాగమ్మ అడిగిన దానికి జవాబు చెప్పే ముందు ఆ చేతులకు ఏదో ఒక పని కల్పించాలనిపించి, జాలిపడి ఆ టోపీ నేనే పెట్టాను. ఆ జాలి ఆయన మీద కొంత, మీ మీద కొంత. ఆయన తీయలేదు, ఊదలేదు, ఒక్క క్షణం ఆగలేదు. ఆమె అడగ్గానే చెప్పేశాడు.

మిగిలినదంతా నిజం. మెట్ల మీది చప్పుడూ నిజం, మూటా నిజం, తలుపుకు గొళ్ళెం లేకపోవడం అన్నిటికంటే నిజం.